పెద్దవాళ్ళు చేసిందే చేస్తుంటే, అన్నదే అంటుంటే... మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈమధ్య ఈ శీర్షికకి వస్తున్న ఉత్తరాల్లో ఒకే రకం విషయం ఎక్కువ కనిపిస్తోంది. అమ్మ ఊరికే నోరు ఆడిస్తోంది, నాన్న రోజంతా గొంతు సవరిస్తున్నాడు, అత్తగారు అడిగిందే అడుగుతున్నారు, తాతయ్య నిద్రలో కేకలేస్తున్నాడు. చివర్లో అందరూ అడిగేది కూడా ఒకటే, "వయసు పైబడితే ఇంతేనా మేడం?" అని. ఇంతేలే అని వదిలేసినవాటిలో చాలావాటికి కారణం దొరుకుతుంది, కొన్నిటికైతే ఒక్క మాత్ర మారిస్తే సరిపోతుంది, అందుకే ఈ నెల మొత్తం వీటికే ఇచ్చేశాం.

ఏ ఉత్తరం తీసినా నేను ముందు వెతికేది ఇది ఎప్పుడు మొదలైంది, ఆ టైంలో ఇంట్లో గానీ ఒంట్లో గానీ మందుల్లో గానీ ఏం మారింది అని. కుర్రతనం నుంచీ కాలు ఊపే మనిషి 70 ఏళ్ళకీ ఊపుతాడు, దానికి కంగారు అక్కర్లేదు. 70 ఏళ్ళు లేనిది ఆరు నెలల్లో వచ్చిందంటే మాత్రం దాన్ని అలవాటు అనుకోకండి, ఎక్కడో మూలం ఉంది.

ప్రశ్న: మా అమ్మకి 68. ఆరేడు నెలలుగా ఊరికే నోరు ఆడిస్తోంది. ఏమీ తినకపోయినా నమిలినట్టు దవడ కదుపుతుంది, పెదాలు చప్పరిస్తుంది, మధ్యమధ్యలో నాలుక బయటికొచ్చి లోపలికి పోతుంది, చప్ చప్ అని సౌండ్ కూడా వస్తుంది. "అమ్మా ఆపవే" అంటే ఒక్క నిమిషం ఆగుతుంది, మళ్ళీ మామూలే. మొన్న పెళ్ళిలో పక్కన కూర్చున్నావిడ "ఏంటమ్మా కిళ్ళీ నములుతున్నావా" అని అడిగిందంట, అప్పట్నుంచి ఏ ఫంక్షన్ కీ రానంటోంది. పళ్ళ డాక్టర్ కి చూపిస్తే పళ్ళు బానే ఉన్నాయన్నారు. బీపీకి, గ్యాస్ కి తప్ప వేరే మందులేం వాడదు. - ఒక కూతురు, తెనాలి

జవాబు: గ్యాస్ కి తప్ప వేరే మందులేం వాడదు అన్నారు చూడండి, నేను అక్కడే ఆగాను తల్లీ. ఇవాళే అమ్మ మందుల కవర్ తీసి ఆ గ్యాస్ మాత్ర స్ట్రిప్ వెనక్కి తిప్పండి. పెద్దక్షరాల బ్రాండ్ పేరు వదిలేసి, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏమేం మందులు కలిపారో రాసి ఉంటుంది, అది చదవండి. పాంటోప్రజోల్ గానీ రాబెప్రజోల్ గానీ ఒక్కటే ఉంటే ఈ విషయంలో దాన్ని అనుమానించక్కర్లేదు. దాని పక్కన లెవోసల్పిరైడ్ 75 మి.గ్రా. అని ఉంటే మాత్రం ఆ స్ట్రిప్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. వాడగా వాడగా పేరున్న ముక్క చిరిగిపోయుంటే మెడికల్ షాపులో కొత్త స్ట్రిప్ అడిగి ఫోటో తీసుకోండి.

ఈ లెవోసల్పిరైడ్ వేసుకుంటే పొట్ట కదలిక పెరుగుతుంది, తిన్నది త్వరగా కిందకి దిగుతుంది, కడుపుబ్బరం తగ్గి హాయిగా ఉంటుంది, అందుకే మనవాళ్ళు ఎప్పుడో రాసిన చీటీ పట్టుకుని అదే కొనుక్కుంటూ ఏళ్ళ తరబడి వాడేస్తారు. కానీ అది పనిచేసేది డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుని, ఆ అడ్డుకోవడం పొట్ట దగ్గరే ఆగిపోదు, మెదడులో కూడా జరుగుతుంది. మన కదలికల్ని అదుపులో పెట్టేవాటిలో ఆ డోపమైన్ ముఖ్యమైంది. నెలల తరబడి అలా అడ్డుపడితే కొందరిలో నోరు, పెదాలు, నాలుక వాటంతటవే కదలడం మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని టార్డివ్ డిస్కినీసియా అంటారు. మీ అమ్మగారి లక్షణాలు అచ్చం అలాగే ఉన్నాయి, ఆపు అంటే కాసేపు ఆగడం, మళ్ళీ రావడం కూడా. పడుకున్నాక నోరు ఆడుతోందేమో ఒకసారి గమనించండి, నిద్రలో ఇది సాధారణంగా ఉండదు. వయసు మీద పడ్డవాళ్ళలో, ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

ఇదొక్క మందే కాదు. వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్ కూడా ఇదే పని చేస్తుంది, దాన్ని 12 వారాలకి మించి వాడొద్దని అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2009 లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది. కళ్ళు తిరుగుతున్నాయని వాడే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, ఫ్లూనారిజిన్ కూడా ఎక్కువ కాలం వాడితే పెద్దవాళ్ళలో చెయ్యి వణకడం, అడుగు చిన్నదైపోవడం, మొహంలో కళ తగ్గిపోవడం తెచ్చిపెట్టొచ్చు, చూసినవాళ్ళు పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు అనుకుంటారు. గ్యాస్ మాత్రకి, తల తిరుగుడు మాత్రకి ఇంత శక్తి ఉంటుందని ఎవరూ అనుకోరు, అందుకే డాక్టర్ ఏం వాడుతున్నారమ్మా అంటే బీపీ, షుగర్ చెప్పి వీటిని చెప్పకుండా వదిలేస్తారు. నాకు బాగా బాధ కలిగించే విషయం ఇదే.

న్యూరాలజిస్ట్ కి చూపించండి. వెళ్ళేముందు అమ్మ టీవీ చూస్తున్నప్పుడు ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి, డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఇది ఒక్కోసారి కనిపించదు. మందు ఎంత తొందరగా ఆపితే అంత మంచిది, ఆపిన కొత్తలో కాస్త ఎక్కువైనట్టు కనిపించొచ్చు, భయపడి మళ్ళీ మొదలుపెట్టకండి, డాక్టర్ తో మాట్లాడండి. కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది, మిగిలిపోయినా తగ్గించడానికి టెట్రాబెనజిన్ లాంటి మందులున్నాయి. ఇంకో మాట, ఇది చదువుతున్న ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు మానసిక సమస్యకి మందు వాడుతుంటే దాన్ని మాత్రం మీకు మీరుగా ఆపేయకండి, అది వేరే ప్రమాదం.

పెళ్ళిళ్ళకి రానంటున్నారు కదా, చుట్టాలకి మీరే ముందు చెప్పేయండి, మందు పడక ఇలా అయింది, ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నాం అని. కారణం తెలిస్తే మనవాళ్ళు అంత గుచ్చి గుచ్చి అడగరు.

ప్రశ్న: మా నాయినకు 74. పొద్దుగాల లేసినకాడికెల్లి రాత్రి పండేదాక గొంతు సవరిస్తనే ఉంటడు, గల్ల మాత్రం ఏం పడది. ఇంట్ల పిల్లలు చదువుకుంటుంటే మస్తు డిస్టర్బ్ ఐతుంది. చెప్తే "నేనేమన్న కావాల్నని చేస్తున్ననా" అని కోపానికొస్తడు. బీపీ గోలీ, షుగర్ గోలీ ఏస్కుంటడు, బీడీ బంద్ జేసి పదేండ్లైంది. - ఒక కొడుకు, హుజూరాబాద్

జవాబు: ఆయన నిజమే చెప్తున్నారు బాబూ, కావాలని చేయట్లేదు. ముందు బీపీ గోలీ పేరు చూడండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ ఇలా చివర "ప్రిల్" అని ఉంటే ఆ మందు కొందరికి పొడి దగ్గు, గొంతులో గరగర తెస్తుంది, మొదలుపెట్టిన వారానికీ రావొచ్చు, నెలల తర్వాతా రావొచ్చు. డాక్టర్ కి చెప్తే వేరే రకం గోలీకి మారుస్తారు, మార్చినంక తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. మీరే బంద్ చేయొద్దు, బీపీ పెరిగితే ఇంకో తిప్పలు.

అది కాదంటే రాత్రి అన్నం ఎన్నింటికి తింటున్నారు, తిన్న ఎంతసేపటికి పడుకుంటున్నారు చూడండి. పొట్టలో యాసిడ్ గొంతు దాకా ఎగదన్నితే ఛాతీలో మంట లేకుండా కూడా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది, దాన్ని తీసేద్దామని మనిషి సవరిస్తనే ఉంటాడు. సవరించిన కొద్దీ స్వరపేటిక ఒరుసుకుని ఇంకా వాస్తుంది, వాచిన కొద్దీ ఇంకా సవరించాలనిపిస్తుంది. పడుకునే రెండు మూడు గంటల ముందే తినమనండి, తలవైపు మంచం కోళ్ళ కింద ఇటుక పెట్టండి, సవరించాలనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్ళు తాగి మింగమనండి. చెవిలో గుల్మి గట్టిపడ్డా కొందరికి ఇట్ల దగ్గు వస్తుంది, చెవికీ గొంతుకీ నరం సంబంధం ఉంది, ఈఎన్‌టీ డాక్టర్ అది కూడా చూస్తారు.

అయితే రెండు విషయాల్లో ఆలస్యం వద్దు. దగ్గు రెండు వారాలు దాటితే సర్కారు దవాఖానాలో టీబీ పరీక్ష చేయించండి, పైసలు కట్టక్కర్లేదు. ఎన్నో ఏండ్లు బీడీ తాగిన మనిషి గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా మామూలు కాకపోతే, మింగుడు కష్టమైతే, గల్లలో నెత్తురు చార కనబడితే ఈఎన్‌టీ డాక్టర్ కెమెరాతో స్వరపేటిక చూడాల్సిందే, బీడీ మానేసి పదేండ్లైనా సరే. ఇంకోటి, నీళ్ళు తాగినప్పుడల్లా పొలమారుతున్నారా? తిన్న తర్వాత గొంతులో నీళ్ళున్నట్టు మాట తడిగా వస్తుందా? అలా ఉంటే మింగడంలోనే లోపం ఉండొచ్చు, పక్షవాతం తర్వాతా, పార్కిన్సన్స్ లోనూ ఇది చూస్తాం, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంటుంది.

ప్రశ్న: మా అత్తగారికి 76. రెండేళ్ళుగా అడిగిందే అడుగుతున్నారు. "గేటు వేశావా, పాలవాడు వచ్చాడా, అబ్బాయి ఇంకా రాలేదా" ఇవే. ఇప్పుడే చెప్పాను కదా అత్తయ్యా అంటే చిన్నబుచ్చుకుంటారు, ఐదు నిమిషాలకి మళ్ళీ అదే. సాయంత్రం ఐందంటే బీరువాలో చీరలన్నీ తీసి మూట కట్టి "మా ఇంటికి పోతాను, చీకటి పడుతోంది" అంటారు, ఇదే మీ ఇల్లు అంటే ఏడుస్తారు. పగలంతా "గోవిందా గోవిందా" అని ఒకే రాగంలో అంటూ కూర్చుంటారు, పిలిచినా పలకరు. మావారు "అమ్మకి చాదస్తం" అని కొట్టిపారేస్తారు, ఆయన ఇంట్లో ఉండేది రాత్రిళ్ళు మాత్రమే. - పేరు వద్దు, కాకినాడ

జవాబు: చాదస్తం కాదమ్మా, ఈ జవాబు మీవారికి కూడా చదివి వినిపించండి. కొత్తగా విన్నదాన్ని దాచిపెట్టే మెదడు భాగం దెబ్బతింటే మీరు చెప్పిన జవాబు ఆవిడ లోపల నిలవదు, ఐదు నిమిషాల తర్వాత అడిగే ప్రశ్న ఆవిడ లెక్కలో మొదటిసారి అడుగుతున్న ప్రశ్నే. మీకు అది ఇరవయ్యోసారి. ఇద్దరి బాధా నిజమే. పాత సంగతులు, అంటే పుట్టిల్లు, పెళ్ళి, పిల్లల చిన్నతనం మాత్రం ఇంకా గట్టిగా ఉంటాయి, అందుకే ఆవిడ అడిగే "మా ఇల్లు" బహుశా ఎప్పటిదో పుట్టిల్లు అయి ఉంటుంది. రెండేళ్ళుగా మెల్లగా పెరుగుతోంది, సాయంత్రానికి ఎక్కువవుతోంది అంటే మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా అనే అనుమానించి పరీక్షించాలి. మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా ఇది ఉందని 2023 లో వచ్చిన పెద్ద సర్వే అంచనా, కాబట్టి మీ వీధిలోనే ఇంకో ఇంట్లో ఇదే జరుగుతుండొచ్చు, బయటికి చెప్పుకోరంతే.

ముందు సరిచేయగలిగేవి ఏమైనా ఉన్నాయేమో తేల్చుకోవాలి. బి12, థైరాయిడ్, సోడియం, షుగర్ రక్తపరీక్షలు. ఈ ఏడాదిలో ఎక్కడైనా జారిపడ్డారా, తలకి చిన్న దెబ్బ తగిలినా వారాల తర్వాత లోపల రక్తం పేరుకుని మనిషి మారిపోవడం పెద్దవాళ్ళలో జరుగుతుంది, స్కాన్ లో తెలుస్తుంది, ఆపరేషన్ తో బాగవుతారు. పిలిచినా పలకరు అన్నారు కదా, చెవులు కూడా చూపించండి. వినపడనివాళ్ళు లోకంతో మాట తగ్గించుకుని తమ గొంతే తాము వింటూ కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. మధ్యవయసులో మొదలయ్యే వినికిడి లోపాన్ని పట్టించుకోకపోతే డిమెన్షియా ముప్పు పెరుగుతుందని 2020 లోనూ 2024 లోనూ లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ గట్టిగా చెప్పింది. ఇదంతా రెండు మూడు రోజుల్లో హఠాత్తుగా ముదిరితే మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఒంట్లో నీరు తగ్గినా అలా అవుతుంది.

ఇంట్లో ఏం చేయొచ్చంటే, సాయంత్రం నాలుగున్నరకే లైట్లన్నీ వేసేయండి, మసక వెలుతురులో వాళ్ళకి గాభరా పెరుగుతుంది. ఇంటికి పోతానంటే ఇదే మీ ఇల్లు అని వాదించకండి, "అలాగే అత్తయ్యా, కాఫీ తాగి వెళ్దాం, మీ ఇంట్లో మామిడిచెట్టు ఉండేదటగా" అని మాట కలిపి వీధి చివరిదాకా నడిపించి తీసుకురండి. చేతులకి పని కావాలి వాళ్ళకి. చిక్కుడుకాయలు ఒలవడం, తువ్వాళ్ళు మడతపెట్టడం, మల్లెపూలు కట్టడం, ఆవిడ 60 ఏళ్ళు చేసిన పని ఏదైనా. తప్పుగా చేస్తే సరిదిద్దొద్దు. గోవిందా అనుకోవడం ఆపే ప్రయత్నం చేయకండి, ఆ రాగంలో ఆవిడకి నెమ్మది దొరుకుతోంది, మీరు పక్కన కూర్చుని గొంతు కలిపితే బహుశా మీ వైపు చూస్తారు. చుట్టాలొచ్చి "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెడతారే, అది మాత్రం గుమ్మంలోనే ఆపేయండి, చెప్పలేక ఆ మనిషి పడే సిగ్గు చూడలేం.

ఇక మీ సంగతి. రోజంతా ఒక్కరే మోస్తున్నారు, ఇది ఒక్కరి పని కాదు. వారంలో రెండు పూటలైనా మీవారు గానీ ఆడపడుచు గానీ వచ్చి కూర్చోవాలి, ఆ మాట వాళ్ళని అడగడానికి మీరు మొహమాటపడొద్దు. పెద్దవాళ్ళ సాయానికి ఎల్డర్‌లైన్ 14567, మీకే మనసు బాలేకపోతే టెలీమానస్ 14416, రెండూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇదే సందర్భంలో ఇంకో రకం కూడా చెప్పాలి. మనిషికి 50, 60 ఏళ్ళే, జ్ఞాపకం బానే ఉంది, కానీ ఒకే మాట పదేపదే అనడం, చప్పట్లు కొట్టడం, రోజూ అదే దారిలో అదే టైంకి తిరగడం, స్వీట్లు విపరీతంగా తినడం, ఇంట్లోవాళ్ళ బాధ పట్టనట్టు ఉండడం ఏడాదిలో వచ్చాయంటే అది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా కావొచ్చు. దీన్ని పొగరనో, మానసిక జబ్బనో అనుకుని ఏళ్ళు పోగొట్టుకుంటారు. న్యూరాలజిస్ట్ కి చూపించండి.

ప్రశ్న: నేను డాలస్ లో ఉంటాను, అమ్మానాన్నలు విజయవాడలో. నాన్నకి 66. రాత్రిళ్ళు నిద్రలో "పట్టుకోండి, కొట్టండి" అని అరుస్తున్నారట, కాళ్ళు చేతులు విసురుతున్నారట. మొన్న అమ్మ మొహానికి దెబ్బ తగిలితే తలుపు తగిలిందని నాకు చెప్పింది, ఇప్పుడు వేరే గదిలో పడుకుంటోంది. పొద్దున అడిగితే నాన్న ఎవరో తరుముతున్నట్టు కలొచ్చిందంటారు. దిష్టి తీయించారట. - ఒక అబ్బాయి

జవాబు: కలలొచ్చే నిద్రలో మన కండరాలు మామూలుగా వదులై కదలకుండా ఉంటాయి, అందుకే కలలో పరిగెత్తినా మంచం మీదే ఉంటాం. అలా వదులవడం తప్పిపోతే కలలో చేసేది ఒంటితో చేసేస్తారు. దీన్ని ఒక జబ్బుగా అమెరికాలో 1986 లో గుర్తించి రాశారు, రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటారు. నాన్నగారిని న్యూరాలజిస్ట్ కి చూపించడం వాయిదా వేయకండి, ఎందుకంటే ఇది చాలామందిలో ఏళ్ళ తర్వాత వచ్చే పార్కిన్సన్స్ కి, లేదా లూయీ బాడీ డిమెన్షియా అనే ఇంకో రకం మతిమరుపు జబ్బుకి ముందు గుర్తుగా ఉంటుంది. అలాగని రేపే వచ్చేస్తుందని కాదు. వాసన తెలియడం తగ్గిందా, మలబద్ధకం ఉందా, నడకలో ఒక చెయ్యి ఊగడం తగ్గిందా అని అమ్మని అడగండి, ఈసారి వీడియో కాల్ లో నాన్నని హాల్లో అటూ ఇటూ నడవమని మీరే చూడండి. డిప్రెషన్ కి వాడే కొన్ని మందుల వల్లా వస్తుంది, గురకతో ఊపిరి ఆగే జబ్బు కూడా ఇలాగే కనిపిస్తుంది, అవి రెండూ తేల్చాలి.

అప్పటిదాకా మంచం ఎత్తు తగ్గించండి, పక్కన నేల మీద పరుపు వేయండి, దగ్గర్లో గాజు సామాను, టేబుల్ మూలలు లేకుండా చూడండి. అమ్మ వేరే గదిలో పడుకోవడం సరైన పనే. ఆవిడ మీ దగ్గర దాచింది మీరు కంగారుపడతారని, కాబట్టి "నాకు తెలుసమ్మా, ఇది జబ్బు, నాన్న తప్పు కాదు" అని ముందు మీరే మొదలుపెట్టండి.

ప్రశ్న: నాకు 22, ఇంజనీరింగ్ ఫైనలియర్. నాన్న అన్నం తినేటప్పుడు చప్పుడు, టీ జుర్రుకునే చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది, ప్లేట్ తీసుకుని గదిలోకి వెళ్ళిపోతాను. మంచి నాన్న, నాకోసం చాలా కష్టపడ్డారు. నేను చెడ్డదాన్నా? - హైదరాబాద్

జవాబు: కాదమ్మా. కొన్ని మామూలు చప్పుళ్ళకే కొందరికి అంత కోపం, పారిపోవాలన్నంత ఇబ్బంది వస్తుంది, దానికి 2001 లో మిసోఫోనియా అని పేరు పెట్టారు, ఎక్కువగా చిన్నవయసులోనే మొదలవుతుంది, అందులోనూ ఇంట్లోవాళ్ళ చప్పుడే ఎక్కువ బాధపెడుతుంది. భోజనాలప్పుడు ఫ్యానో, టీవీ పాటలో చిన్నగా పెట్టుకోండి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి, చదువుకి ఇబ్బందయ్యేంత ఉంటే సైకాలజిస్ట్ తో మాట్లాడండి, సాయం దొరుకుతుంది. నాన్నకి మంచి మూడ్ లో ఉన్నప్పుడు చెప్పేయండి, నీ మీద కోపం కాదు నాన్నా, నా చెవులకి ఈ ఇబ్బంది ఉంది అని. చెప్పకుండా లేచిపోతుంటే ఆయన ఏమనుకుంటున్నారో ఆలోచించండి. ఆయనకి కూడా ఈ చప్పుడు కొత్తగా వచ్చిందే అయితే కట్టుడు పళ్ళు వదులయ్యాయేమో, ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీస్తూ తింటున్నారేమో చూపించండి.

ప్రశ్న: మా నాయనమ్మ లేచినా కూర్చున్నా "అమ్మా, అబ్బా, రామా" అంటుంది. దీనికి కూడా డాక్టరా? - చిత్తూరు

జవాబు: లేచేటప్పుడూ కూర్చునేటప్పుడూ మాత్రమే అయితే మోకాళ్ళో నడుమో నొప్పి, అది చూపించండి, వయసు కదా అని నొప్పితో వదిలేయనక్కర్లేదు. కదలకుండా కూర్చున్నా, పడుకున్నా మూలుగుతుంటే, ముఖ్యంగా మాట సరిగా చెప్పలేని స్థితిలో ఉన్న పెద్దవాళ్ళయితే, ఒంట్లో ఎక్కడో బాధ ఉందనే లెక్క. విరేచనం అయి ఎన్నాళ్ళైంది, మూత్రం సరిగా వస్తోందా, నడుము కింద, పిరుదుల దగ్గర, మడమల దగ్గర పుండ్లేమైనా పడ్డాయా, నోట్లో పుండుందా ఇవి వరసగా చూడండి. మూలుగుతోపాటు ఆయాసం, కాళ్ళ వాపు, జ్వరం ఏదున్నా ఆ రోజే డాక్టర్ కి చూపించండి.